తిమింగలం ఇంట చేరిన సొర

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదో సంవత్సరం, చలి వెళ్ళిపోయి ఎండలు ఇంకా ముదరని రోజులు. భీమిలికి తూర్పున, ఒడ్డు మీది కొండలు సన్నగీతలా కనిపించేంత దూరంలో, నీళ్ళ అడుగున కుంటిరాయి అని ఒక పెద్ద రాయి ఉంది. ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, అందుకని ఆ పేరు. ఆ రాయి చుట్టూ మసిలే జీవాలకు ఒక కట్టుబాటు ఉండేది. పైన పడవల్లోవాళ్ళు ఏ పేరు పెట్టి పిలిస్తే అదే ఇంటిపేరు. ఒకే పేరున్నవాళ్ళంతా ఒకే ఇంటివాళ్ళు. ఒకరు పోతే మిగిలినవాళ్ళు మైల పట్టాలి. ఒకరికి ఆపద వస్తే మిగిలినవాళ్ళు పరుగున రావాలి.

పడవల్లో ఉండేది మనుషులు. వాళ్ళు పైనుంచి చూస్తారు. నీళ్ళలో నల్లగా, పెద్దగా ఏది కదిలినా నోటికొచ్చిన పేరు పెట్టి, వల సర్దుకుని వెళ్ళిపోతారు. రెక్కలు చాచి ఎగురుతున్నట్టు ఈదే పెద్ద టేకుచేపను దెయ్యంచేప అన్నారు. రాతి కంతలో కూర్చునే ఎనిమిది చేతుల ఆక్టోపస్‌నీ దెయ్యంచేపే అన్నారు. దాంతో వాళ్ళిద్దరూ ఒకే ఇల్లయిపోయారు. టేకుచేపల్లో ఒక ముసలమ్మ పోయినప్పుడు ఆక్టోపస్ పీతలు ముట్టకుండా మైల పట్టింది. వాళ్ళలో వాళ్ళకి పెళ్ళిళ్ళు కూడదన్నారు. చేసుకుంటామని అడిగినవాళ్ళూ లేరు.

ఈ కట్టుబాటు వల్ల ఆ ఏడు ఎక్కువ బాధపడినవాడు ముత్యాలయ్య.

ముత్యాలయ్య సొర. రెండు పడవలు వరసగా పెట్టినంత పొడుగు. నల్లటి వీపు నిండా తెల్లటి చుక్కలు, ముత్యాలు ఆరబోసినట్టు. అంత ఒళ్ళు పెట్టుకుని తినేది మాత్రం కంటికి ఆననంత రొయ్యపిల్లల్నీ, చేపగుడ్లనీ. నోరు తెరుచుకుని ముందుకు పోతాడు, లోపలికి ఏది వస్తే అదే భోజనం. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ కరిచినవాడు కాదు. మాటకి మాత్రం మొండి. ఒకసారి ఇటు వెళ్తానన్నాడంటే ప్రవాహం అటు తోసినా ఇటే వెళ్ళేవాడు.

అలాంటివాడికి మొప్పల్లో పేలు పడ్డాయి. సొరకి తలకి రెండు పక్కలా అయిదేసి మొప్ప చీలికలుంటాయి. నోట్లోకి వెళ్ళిన నీళ్ళు వాటిలోంచి బయటికి వస్తాయి. ఆ దారిలోనే వాడి ఊపిరి. సరిగ్గా ఆ దారిలోనే నీటిపేలు కాపురం పెట్టి, పిల్లాపాపలతో స్థిరపడ్డాయి. నాలుగు బారలు ఈదేసరికి ముత్యాలయ్యకు కళ్ళు తిరుగుతున్నాయి. ఇలాగే ఉంటే వానలు పడేదాకా బతకడు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

పేలు తీసేవాళ్ళు లేక కాదు. కుంటిరాయి దగ్గర వేలెడంత చారలచేపలు ఉండేవి. ఎంత పెద్ద జీవమైనా సరే, వచ్చి నోరు తెరుచుకుని కదలకుండా నిలబడితే, అవి లోపలికి దూరి పేలూ పాచీ తిని శుభ్రం చేసి పంపేవి. వాటికి తిండి, వచ్చినవాడికి సుఖం. వాటిలో పెద్దది అప్పలకొండ. కిందటేడు ఒక పులిసొర ఇలాగే వచ్చి నిలబడి, పని సగంలో ఉండగా నోరు మూసేసింది. లోపల అప్పలకొండ మొగుడు ఉన్నాడు. ఆనాటి నుంచి సొర ఇంటివాళ్ళకు కుంటిరాయి దగ్గర పని చెయ్యడం మానేశారు.

ముత్యాలయ్య రాయికి దూరంగా ఆగి, గొంతు వీలైనంత మెత్తగా చేసుకున్నాడు.

"అప్పలకొండమ్మా, నేను ఎవరినీ తిని ఎరగను."

"ఆ పులిసొర కూడా అదే అన్నాడు బావూ," అంది అప్పలకొండ, రాతి సందులోంచి మూతి మాత్రం బయటపెట్టి.

"వాడూ నేనూ ఒకలాగే ఉన్నామా?"

"నేను ఇంతున్నాను. నాకు కనిపించేది నోరొక్కటే. లోపలికి వెళ్ళాక నోళ్ళన్నీ చీకటే."

"వాడికీ నాకూ ఏం సంబంధమమ్మా?"

"మీ ఇంటిపేరేటి?"

ముత్యాలయ్య ఒక బార వెనక్కి జరిగాడు.

"సొర. వాడిదీ సొరే. వాడు మా ఆయన్ని మింగాక మీ ఇంటివాళ్ళు ఒక్కరొచ్చి తప్పయిపోయిందన్నారా? పోనీ ఒక పూట తిండి మానారా? ఇంటిపేరు కావాలి గానీ ఇంటి తప్పు అక్కర్లేదేటి? వెళ్ళిరా బావూ. పనివేళ."

మూతి లోపలికి పోయింది.

కాస్త అవతల ఒక పీతను తాపీగా నములుతున్న ముసలి తాబేలు ఇదంతా వింది. దాని పేరు సన్నాసి. ఆ చుట్టుపక్కల అందరికీ తాత. అడగనిదే సలహా ఇవ్వనంటూనే అడక్కుండా ఇచ్చేవాడు.

"ఒరే ముత్యాలూ, ఆవిడ అడిగింది పెద్ద విషయమేం కాదురా. వెళ్ళి, 'మా ఇంటివాడు చేసింది తప్పు తల్లీ' అను. నాలుగు తిట్లు తిడుతుంది. పడు. తరవాత మొప్పలు బాగుచేస్తుంది."

"నేను చెయ్యని తప్పుకి నేనెందుకు తల వంచాలి తాతా?"

"ఊపిరి కోసం."

"వంచను."

"అయితే వంచకు," అని సన్నాసి పీత కాళ్ళ పనిలో పడ్డాడు.

అప్పుడు ముత్యాలయ్య పొట్ట కిందనుంచి ఒక సన్నటి గొంతు వినిపించింది. "అన్నా, తల వంచకుండా పని జరిగే దారి ఒకటుంది."

ఆ గొంతు గురప్పది. గురప్ప అంటుచేప. తల మీద పీటలాంటి పట్టు ఉంటుంది, దాంతో పెద్ద జీవాల ఒంటికి అంటుకుని, వాళ్ళు ఈదితే తాను ప్రయాణం చేస్తూ, వాళ్ళు తినగా రాలినవి తింటూ బతుకుతాడు. వాడికి ముత్యాలయ్య మీద ఒకటే కోపం. ఆయన భోజనంలో రాలేవంటూ ఏవీ ఉండవు. అంత పెద్ద ఒంటికి అంటుకుని పస్తులుంటున్నానని వాడి బాధ. తిమింగలాలైతే ఆ కాలంలో లోతుల్లోంచి కందవాయిలను, అంటే పది చేతుల మెత్తటి జీవాలను, పట్టి తెచ్చి నమిలేవి. ముక్కలు రాలేవి. వాడి కన్ను అటే ఉంది.

"ఏం దారిరా?" అన్నాడు ముత్యాలయ్య.

"నిన్ను తెప్పల మీదివాళ్ళు ఏమంటారు?"

"సొర."

"మరపడవలవాళ్ళు?"

"తిమింగలం అంటారు. వాళ్ళకు తెలీదు."

"వాళ్ళకు తెలీకపోతే నీకేం? పడవవాళ్ళు పెట్టినదే ఇంటిపేరు. అది కట్టుబాటు. నీకు రెండిళ్ళున్నాయన్నా. ఉన్నవాటిలో మంచిది చూసుకుని చేరు. తిమింగలం ఇంటివాళ్ళు వస్తే అప్పలకొండ ఎదురొచ్చి మరీ పని చేస్తుంది. వాళ్ళ నోట్లో ఇంతవరకూ ఎవరూ పోలేదు."

సన్నాసి తల పైకెత్తాడు. "వాళ్ళు గాలి పీలుస్తారురా. పిల్లలకు పాలిస్తారు. నువ్వు చేపవి."

"తాతా, టేకుచేపకీ ఆక్టోపస్‌కీ పోలికేమిటి? వాళ్ళు ఒకే ఇల్లు కాలేదా?" అన్నాడు గురప్ప.

"అయ్యారు. ఇంతవరకూ ఒకరికొకరు అవసరం పడలేదు కూడా."

ముత్యాలయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. అటువైపు తల వంచడం ఉంది. ఇటువైపు లేదు. అది చాలనుకున్నాడు.

తిమింగలాలు ఆ రోజుల్లో కుంటిరాయికి ఉత్తరాన తిరుగుతున్నాయి. పది పన్నెండు తలకాయల కుటుంబం. వాళ్ళకు పెద్ద పైడమ్మ. మనిషి భారీ, మాట భారీ, మనసు మెత్తన. ఎవరొచ్చినా తిన్నావా అని అడిగేది, తిన్నానన్నా నమ్మేది కాదు.

"ఎవరు నాయనా?" అంది.

"మరపడవలవాళ్ళు నన్ను తిమింగలం అంటారు పెద్దమ్మా. ఇన్నాళ్ళూ దూరదూరంగా తిరిగాను. ఇంట్లో చేరదామని వచ్చాను."

పైడమ్మ ఆయన చుట్టూ ఒకసారి తిరిగింది. "ఈ చుక్కలేటి?"

"ఎండ పొడ అమ్మా," అన్నాడు గురప్ప పొట్ట కిందనుంచి.

"నువ్వెవరు?"

"అన్నగారి మనిషినమ్మా. ఏదున్నా నేనే చూసుకుంటాను."

"మా తోకలు కిందికీ పైకీ ఆడతాయి. ఈయన తోక పక్కలకి ఆడుతుందేటి?"

"చిన్నప్పుడు పడవ ముక్కు తగిలిందమ్మా. అప్పట్నుంచీ అంతే."

"ఓలమ్మో. మరి ఈ చెంపల మీద చీలికలు?"

"ముడతలమ్మా. పాపం, తల్లి లేని బతుకు. త్వరగా ముసలాడైపోయాడు."

తల్లి లేదన్నమాట వినగానే పైడమ్మ ప్రశ్నలు ఆపేసింది. నీళ్ళు అదిరేలా నిట్టూర్చింది. "పేరున్నవాడు మావాడే. ఇంకేటీ అడగను. మా ఇంట రెండే రెండు మర్యాదలు నాయనా. తిండి పంచుకుని తినాలి. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే అందరం కింద చేరి, పైకెత్తి పట్టుకోవాలి. వాళ్ళంతట వాళ్ళు గాలి పీల్చుకునేదాకా దించకూడదు. కిందటేడు నా కొడుకు జబ్బుపడితే ఎత్తి పట్టుకున్నాం. రెండో రోజుకి అందరూ ఇంక లాభం లేదు, వదిలెయ్యమన్నారు. వదిలాను. మునిగిపోతూ ఒకసారి తోక కదిపాడు. నేను చూశాను." తనవాళ్ళ వైపు తిరిగి, "ఇంకెవరినీ వదలను," అంది.

ముత్యాలయ్య తల ఊపాడు. "మంచి మర్యాద పెద్దమ్మా," అన్నాడు.

అలా ఆయన తిమింగలం అయ్యాడు.

పని మొదట్లో కష్టంగానే ఉండేది. కుటుంబమంతా గాలి కోసం పైకి వెళ్తే ఆయనా వెళ్ళాలి. వాళ్ళు తల బయటపెట్టి బుస్సున నీళ్ళు చిమ్మి గుండెల నిండా పీల్చుకుంటే, ఆయన తల బయటపెట్టి, తోకతో నీళ్ళు కొట్టి, పీల్చుకున్నట్టు ముఖం పెట్టేవాడు. కిందికి వచ్చాక, ఎవరూ చూడకుండా అసలు ఊపిరి తీసుకునేవాడు. ఉన్న ఊపిరే తక్కువ, అందులో ఈ నటన ఒకటి. గురప్ప మాత్రం కందవాయి ముక్కలు తిని నున్నగా తయారయ్యాడు.

"బానే చేస్తున్నావన్నా. ఇంకాస్త గట్టిగా బుస్సుమను."

"నాకు కళ్ళు తిరుగుతున్నాయిరా."

"తిమింగలాలకీ తిరుగుతాయి. ఎవరూ పైకి చెప్పుకోరు, అంతే."

తిమింగలాలు కుంటిరాయి వైపు మళ్ళినరోజు సన్నాసి ఎదురయ్యాడు.

"ఏరా తిమింగలం, ఎలా ఉన్నావు?"

"నేను చెప్పినట్టే జరిగింది చూశావా తాతా? రేపటికి నా మొప్పలు బాగుపడతాయి."

"వాళ్ళ మర్యాదలేమిటో అడిగావా?"

"మంచివే. జబ్బుపడినవాణ్ణి పైకెత్తి పట్టుకుంటారట."

"పైకంటే గాల్లోకా?"

"గాల్లోకే."

"నిన్ను కూడానా?"

"నాకేం జబ్బు? ఒకవేళ ఉన్నా వాళ్ళకు చెప్పలేదుగా."

"ఇప్పుడైనా చెప్పరా. పైడమ్మ మంచిది. నేను చేపను తల్లీ, నన్ను మాత్రం ఎత్తకండి అని చెప్పు. నవ్వుతుంది, ఊరుకుంటుంది."

"చెప్తే సొరనైపోతాను. పని కానీ, తరవాత చెప్తాను," అన్నాడు ముత్యాలయ్య. సన్నాసి ఇంకేదో అనబోయి, విననివాడికి చెప్పి నోరు నొప్పి పెట్టుకోవడం దేనికని ఊరుకున్నాడు. ఊరుకున్నాడు గానీ వెనకే వచ్చాడు.

అప్పలకొండ తన వాళ్ళనందరినీ వెంటపెట్టుకుని ఎదురొచ్చింది. "రండి రండి, తిమింగలం ఇంటివారు! ముందెవరు?"

"కొత్తగా వచ్చినవాడు. వాణ్ణి ముందు చూడు," అంది పైడమ్మ. తక్కినవాళ్ళను తీసుకుని మేతకి కాస్త దూరం వెళ్ళింది.

అప్పలకొండ ముత్యాలయ్య నోటి ముందుకు వచ్చి ఆగింది. "నిన్నెక్కడో చూశాను బావూ."

"ఆయనకి పోలికలెక్కువమ్మా," అన్నాడు గురప్ప.

ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. తిమింగలం ఇంటివాళ్ళ ముందు అనుమానం బయటపెడితే బాగుండదనుకుందో, లేక ఆ మొప్పల వాసనకి ఆకలే వేసిందో, చివరికి లోపలికి వచ్చింది. వెనకే పదిమంది.

ముత్యాలయ్య తోక కిందికి వదిలి, నిలువుగా నిలబడి, నోరు బార్లా తెరిచాడు. ఎడమపక్క మొప్పలతో మొదలుపెట్టారు. ఒక్కొక్క పేనూ ఊడుతుంటే ఒక్కొక్క దారీ తెరుచుకుంది. చల్లటి నీళ్ళు ధారగా లోపలికి వెళ్ళి బయటికి వచ్చాయి. ఎన్నాళ్ళయిందో అలా ఊపిరి తీసి! సుఖంతో ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. ఒళ్ళు పూర్తిగా వదిలేశాడు. ఎడమపక్క అయిదూ అయ్యాయి. అప్పలకొండ కుడిపక్కకి మళ్ళింది.

దూరం నుంచి పైడమ్మ తల తిప్పి చూసింది. ఆవిడకు కనిపించింది వేరు. కొత్తగా ఇంట చేరిన తల్లిలేని బిడ్డ, నోరు తెరిచి, కళ్ళు మూతపడి, తోక కిందికి జారిపోయి నీళ్ళలో వేళ్ళాడుతున్నాడు. కదలడం లేదు. తాము రెండుసార్లు పైకి వెళ్ళి వచ్చారు, వాడు ఒక్కసారీ రాలేదు.

ఆవిడ దూసుకువచ్చింది. "గురప్పా! మీ అన్న గాలి పీల్చి ఎంతసేపయింది?"

గురప్ప చెప్పాల్సింది ఒక్క ముక్క. ఈయన చేపమ్మా, ఈయనకి గాలితో పని లేదు, అంటే చాలు. కానీ ఆ ముక్క అంటే కందవాయి ముక్కలు ఆగిపోతాయి. వాడు ఒక్క క్షణం లెక్క చూసుకుని, తిమింగలం చెప్పవలసిన జవాబే చెప్పాడు.

"పొద్దున్న పీల్చాడమ్మా."

"పొద్దున్నా!"

పైడమ్మ పెట్టిన కేకకి కుటుంబమంతా పరిగెత్తుకొచ్చింది. కుంటిరాయి చుట్టూ నీళ్ళు సుడి తిరిగాయి. చారలచేపలు ఎటు దొరికితే అటు చెదిరిపోయాయి. నలుగురు కింద చేరారు. ముత్యాలయ్య కళ్ళు తెరిచేసరికి సముద్రం కిందికి పోతోంది.

"దించండి!" అందామనుకున్నాడు. నీళ్ళు లేవు. నీళ్ళు లేనిచోట సొరకి మాట లేదు. నోరు ఆడింది, అంతే.

"పాపం, మాట పడిపోయింది," అంది పైడమ్మ. "ఇంకా పైకెత్తండి."

ముత్యాలయ్య తోక విదిలించాడు.

"ప్రాణం వస్తోంది! గట్టిగా పట్టుకోండి!"

ఎండ మొప్పల మీద నిప్పులా పడింది. నోరు మూసుకుంటే లోపల మిగిలిన నీళ్ళు కాసేపు నిలుస్తాయి. ఆ నీళ్ళతో మొప్పలు తడిగా ఉంటాయి. ఆయన మూసుకోబోయాడు. అప్పుడు కుడిపక్క లోపల ఏదో చిన్నగా కొట్టుకుంది. అప్పలకొండ. ఆవిడ బయటికి వెళ్ళలేదు. మొప్ప మడతల్లో ఇరుక్కుపోయింది. నోరు మూస్తే ఆ మడతలు బిగుసుకుంటాయి.

ముత్యాలయ్య నోరు మూయలేదు. ఉన్న నీళ్ళన్నీ కారిపోయాయి. ఆవిడ ఎటో ఒకవైపు దారి చేసుకుంటుందని, నోటితోపాటు కుడిపక్క చీలికలను కూడా బార్లా తెరిచి పట్టాడు. ఎండ నేరుగా లోపలికే వచ్చింది.

ఆయన పొట్టకి అంటుకున్న గురప్ప కూడా ఇప్పుడు గాల్లోనే ఉన్నాడు. ఇప్పుడు మాత్రం నిజం చెప్పేద్దామని వాడికి గట్టిగా అనిపించింది. వాడూ చేపే. నోరు ఆడింది, అంతే. పట్టు వదిలి నీళ్ళలో పడదామని వదిలాడు. కింద పైడమ్మ చెల్లెలి వీపు ఉంది. దాని మీద పడి, నున్నగా, ఎండకి మెరుస్తూ ఎగిరెగిరి పడ్డాడు. పైన సముద్రపు గద్ద తిరుగుతోంది. అది ఎవరి ఇంటిపేరూ అడగలేదు. ఒక్క విసురున దిగి, గురప్పను కాళ్ళతో పట్టుకుని, కొండల వైపు వెళ్ళిపోయింది.

సన్నాసి రొప్పుతూ నీళ్ళ మీదికి తేలాడు. తాబేలుకి నీళ్ళూ తెలుసు, గాలీ తెలుసు. "పైడమ్మా! దించు! వాడు చేప!"

"చేపేటి? మా ఇంటివాడు."

"పేరు పడవవాళ్ళది తల్లీ, ఒళ్ళు వాడిది. వాడి ఊపిరి నీళ్ళలో ఉంది."

"నీళ్ళలో ఊపిరుంటుందా? నీకు మతి ఉందా ముసలోడా?"

"నా నాలుగు కాళ్ళతో దండం పెడతాను, దించు."

"నా కొడుకప్పుడూ ఇలాగే చెప్పారు. ఇంక లాభం లేదు, దించెయ్యమన్నారు. వాణ్ణి దించిందాన్ని నేను. మునుగుతుంటే చూసిందాన్ని నేను." పైడమ్మ తన తల కూడా ఆయన కిందికి చేర్చింది. "చెప్పినవాళ్ళెవరూ చూడలేదు. నేను దించను."

కుటుంబం ఇంకాస్త పైకెత్తింది. ముత్యాలయ్య తోక విదల్చడం ఆపేశాడు.

అప్పుడు కుడిపక్క మూడో చీలికలోంచి వేలెడంత చేప ఒకటి జారి, పైడమ్మ ముఖం మీద పడి, అక్కడినుంచి నీళ్ళలో పడింది. పడుతూనే అరిచింది.

"పెద్దమ్మా, ఆయన చేప! నేను లోపలినుంచి వస్తున్నాను! అవి ముడతలు కావు, మొప్పలు! ఎండిపోతున్నాయి!"

"నీకెలా తెలుసు?"

"నా బతుకంతా మొప్పల్లోనే కదేటి! మీ ఇంట ఇందరికి పని చేశాను, ఒక్కరికి మొప్ప చూడలేదు. ఈయన సొర. నేను గుర్తుపట్టాను."

"సొరయితే నీ మొగుణ్ణి మింగిన ఇల్లే కదా. పోతే నీకేటి?"

అప్పలకొండ పైకి, తెరిచి ఉన్న ఆ నోటి వైపు చూసింది. "మింగిన నోరు మూసుకుంది పెద్దమ్మా. ఈ నోరు మూసుకోలేదు. దించండి."

పైడమ్మ కళ్ళు మూసుకుంది. "మెల్లగా," అంది. దించారు. ఆవిడ కూడా ఆయన పక్కనే కిందికి వెళ్ళింది, ఈసారి కళ్ళు తెరిచి.

చాలాసేపు ఏమీ జరగలేదు. తరవాత ఎడమపక్క చీలికలు కొద్దిగా కదిలాయి. ఒకటి, ఇంకొకటి. నీళ్ళు లోపలికి వెళ్ళాయి, బయటికి వచ్చాయి.

"ఊపిరి నీళ్ళలోనే ఉంది," అంది పైడమ్మ, తనలో తనే అనుకుంటున్నట్టు. తరవాత ముత్యాలయ్య వైపు తిరిగింది. "ఎందుకు చెప్పలేదు నాయనా? చేపనని చెబితే గెంటేస్తాననుకున్నావేటి?"

"గెంటవని తెలుసు పెద్దమ్మా. సొర అని ఒప్పుకోవడానికి నోరు రాలేదు."

"నా చేత ఇంకొకణ్ణి చంపించేవాడివి."



కాసేపటికి ముత్యాలయ్య ఓపిక తెచ్చుకుని అప్పలకొండ వైపు మెల్లగా మళ్ళాడు. తల వంచాడు. ఒళ్ళంతా అంతుంటే తల వంచడానికి కూడా చాలా చోటు కావాలి. "కిందటేడు మీ ఆయన్ని మింగినవాడు మా ఇంటివాడమ్మా. అది మా తప్పు. ఒక పూట మైల పడతాను."

"ఒక పూటేటి, రేపంతా పట్టు," అంది అప్పలకొండ. "ఎల్లుండి పొద్దున్నే రా. పనివేళకి."

మైల పట్టాడు. ఎల్లుండి వెళ్ళాడు. అప్పలకొండ కుడిపక్క పేలన్నీ తీసింది. చచ్చిన పేలు. ఎండకి మొదట పోయినవి అవే.

సన్నాసి మాత్రం చాలాకాలం ఆ కథ చెప్పుకునేవాడు. గద్ద కాళ్ళ మధ్య వెళ్తూ గురప్ప కందవాయి ముక్కల గురించే ఆలోచించి ఉంటాడని ఆయన అనుమానం. తిమింగలాలు ఆ తరవాత ఎవరినైనా ఎత్తేముందు 'నీ ఊపిరి ఎక్కడ?' అని అడగడం మొదలుపెట్టాయట.

ఎవరింట చేరినా, నీ ఊపిరి ఎక్కడుందో ముందు చెప్పి చేరు.

ముత్యాలయ్య కుడిపక్క మొప్పలు అయిదూ మళ్ళీ తెరుచుకోలేదు.